మిశ్రచాపుకి కొసరు

ఆ రోజుల్లో కొలతకి నోరుండేది. ఇప్పుడు నా కొట్లో కాటా ఎర్రంకెలు వెలిగించి మౌనంగా కూర్చుంటుంది గానీ, తొంభైల్లో గుడివాడ మార్కెట్లోని మా పచారీ కొట్లో మా నాన్న ఉలవలూ వడ్లూ కుంచంతో కొలుస్తూ రాగం తీసినట్టు లెక్కపెట్టేవాడు. ఒకటి అనకూడదు, "లాభం" అనాలి. తర్వాత రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఆ తర్వాతది మాత్రం నోట్లోంచి రాకూడదు. అంకె పేరు చెప్పినా, వినేవాడికి కూర్చుని ఏడవమన్నట్టు ఉంటుంది. ముదినేపల్లి నుంచి పనిగట్టుకుని వచ్చిన రైతు మొహాన "ఏడు" అంటే మళ్ళీ మన గుమ్మం తొక్కుతాడా? అందుకని "ఆరున్నొకటి" అనేవాళ్ళం. కొలత అయ్యాక గుప్పెడు కొసరు. (ఆ గుప్పెడు ఎవరి గుప్పెడన్న దాని మీదే మా వ్యాపారం నడిచింది. కొసరు వెయ్యడానికి చిన్న చెయ్యి కావాలని నన్ను ఆరేళ్ళకే గల్లా పక్కన కూర్చోబెట్టారు. నా చెయ్యి పెరిగిన కొద్దీ మా నాన్న మొహం వాడిపోవడం నాకు గుర్తే.)

ఇలాంటి కొట్లో పుట్టినవాడికి మృదంగం ఎందుకంటారా? డిగ్రీలో ఉండగా ఖాళీ నూనె డబ్బాల మీద నేను వేసే దరువు భరించలేక, బేరాలు చెడుతున్నాయని, మా నాన్నే నన్ను తీసుకెళ్ళి మృదంగం మాస్టారికి అప్పగించాడు. మాస్టారు ఒప్పుకోవడంలో నా ప్రతిభ పాత్ర తక్కువ, మా కొట్టు బొంబాయి రవ్వ పాత్ర ఎక్కువ. మృదంగం ఎడమవైపు మూతికి తడిపిన రవ్వ ముద్ద అంటిస్తేనే గుమ్మని పలుకుతుంది. పురుగు లేని రవ్వ దొరికే కొట్టువాణ్ణి ఏ విద్వాంసుడు కాదంటాడు? ఎనిమిది దెబ్బల ఆదితాళం నాకు బాగానే పట్టుబడింది. ఎనిమిది మా కొట్లో కూడా ఉన్న అంకే కదా.

చిక్కంతా మా అక్క వల్ల వచ్చింది. అక్కంటే మా పెదనాన్న కూతురు. ఒకే ఇంట్లో పెరిగాం. చక్కగా పాడేది. బందరులో ఒక సంగీత సభవాళ్ళు కొత్తవాళ్ళ చేత పాడించి, నచ్చిన ఒకరికి మరుసటి సంవత్సరం గంట కచేరీ ఇచ్చేవారు. మా పెదనాన్న ఒక్కటే మాట అన్నాడు: "ఆ గంట నీకిస్తే విజయవాడ వెళ్ళి సంగీతం చదువుకో. ఇవ్వకపోతే నోరు మూసుకుని బియ్యీడీ." నోరు మూసుకుని చేసే చదువు బియ్యీడీ ఎలా అవుతుందో మాకెవరికీ అర్థం కాలేదు గానీ, ఆయన మాట అంటే మాటే. ఆ సభవాళ్ళకో నియమం ఉంది. రెండు పాటలు పాడాలి, అందులో ఒకటి మిశ్రచాపులో ఉండాలి. మిశ్రచాపంటే తకిట తకధిమి, మూడూ నాలుగూ కలిపి... ఆరున్నొకటి.

అక్కకి వాయించాల్సిన మృదంగం ఆయనకి సరిగ్గా వారం ముందు పచ్చకామెర్లు వచ్చాయి. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో జిల్లాలో డప్పు నుంచి డోలు దాకా దేనికీ మనిషి ఖాళీగా లేడు. చివరికి మాస్టారు గుండె రాయి చేసుకుని నన్ను కూర్చోబెట్టారు. అక్క పాట ఎత్తుకుంది, నేను వాయించాను. రెండో ఆవృతానికే, అంటే తాళం రెండోసారి తిరిగేసరికే, ఆవిడ ఒకచోట, నేను ఒకచోట.

"ఒరేయ్, ఆగు. నోటితో తకిట తకధిమి అంటున్నావు బాగానే ఉంది. లోపల ఏం లెక్కపెడుతున్నావురా?" అన్నారు మాస్టారు.

"మామూలేనండీ. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు..."

"ఊఁ, ఆరు తర్వాత?"

"ఆరున్నొకటండీ."

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఏడు దెబ్బల తాళంలో చివరి దెబ్బ పేరు పలకడానికే నాకు రెండు దెబ్బల కాలం పడుతోంది. అంటే నేను ప్రతి ఆవృతానికీ ఎనిమిది కొలుస్తున్నాను. నా తప్పు నాకు తెలిసింది కానీ, తప్పని ఒప్పుకోవడం మా రక్తంలో లేదు. బేరం మొదలుపెట్టాను.

"మాస్టారూ, మీరడిగింది ఆరున్నొకటి. నేనిస్తున్నది ఎనిమిది. ఇందులో మీకొచ్చిన నష్టమేంటండీ?"

"నష్టమా! అది తాళంరా, ఉలవలు కావు!"

"పోనీ, పాట అంతటికీ ఒక్క దెబ్బే ఎక్కువ వేస్తాను. మొత్తానికి కలిపి. సరేనాండీ?"

"ఒరేయ్, ఏడు అను."

"అనలేనండీ."

"అనరా! ఏడు! ఏడు! ఏడు!" అని ఆయన తొడ చరుస్తూ అరుస్తుంటే, వంటింట్లోంచి మాస్టారి భార్య పరుగున వచ్చి, "ఎందుకండీ కొట్టువాళ్ళ పిల్లాణ్ణలా ఏడిపిస్తారు? రేపు రవ్వకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటారు నన్ను?" అని ఆయన్ని కోప్పడి నాకు మజ్జిగ ఇచ్చింది. అక్క మాత్రం నవ్వలేదు. ఇంటికి వస్తూ దారిలో, "నీకు వేళాకోళంగా ఉంది. నేను మాత్రం బియ్యీడీలో చేరాలి" అంది. ఆ మాటకి నాకు మజ్జిగ అరగలేదు. వారం రోజులు గోడౌన్లో బస్తాల మధ్య కూర్చుని ఏడు, ఏడు అని సాధన చేశాను. (నాలుగో రోజు మా నాయనమ్మ విని, బస్తాలకి దిష్టి తీసి, నన్ను ఒకటి పీకింది.)

ఆ రోజు రానే వచ్చింది. బందరు బస్సులో మృదంగానికి సగం టికెట్టు కొట్టాలన్నాడు కండక్టరు. "ఒళ్ళో కూర్చునేదానికి టికెట్టేంటి బావా? దానికింకా ఐదేళ్ళు నిండలేదు" అని గుడ్లవల్లేరులో మొదలుపెట్టి పెడన దాటేదాకా వాదించి గెలిచాను. ఆ గెలుపు వల్ల తల ఎంత బరువెక్కిందంటే, అంతవరకూ వల్లె వేసినదంతా జారిపోయింది.

సభలో అక్క మొదటి పాట ఆదితాళంలో పాడింది. చప్పట్లు బాగానే పడ్డాయి. ముందు వరుసలో సభ పెద్దాయన తల ఊపుతూ, కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తున్నాడు. ఆయన్నే ఒప్పించాలి. రెండోది మిశ్రచాపు. చిన్నికృష్ణుడు వెన్న దొంగిలించే సరదా పాట. పల్లవిలో పర్వాలేదు. అనుపల్లవికి వచ్చేసరికి లోపల మా నాన్న గొంతు వినిపించింది. లాభం, రెండు, మూడు... ఇక చెప్పేదేముంది? ఆవృతానికో దెబ్బ చొప్పున అక్క మీద కొసరు వేస్తూ పోయాను. పెద్దాయన చెయ్యి తొడ మీదికి రాకుండా గాల్లో ఆగిపోయింది. కన్ను ఒకటి తెరుచుకుంది. పక్కన వయొలిన్ వాయిస్తున్న మామ్మగారు నా వంక, తప్పిపోయిన పిల్లాణ్ణి చూసినట్టు చూసింది.

అక్క ఊపిరి తీసుకునే సందులో నా వైపు వంగి, పళ్ళ సందునుంచి, "ఏడు! ఏడురా!" అంది.

అక్క ఉద్దేశం అంకె. నాకు చేరింది ఆజ్ఞ. అప్పటికే విజయవాడ నా చేతుల్లోంచి జారిపోయి, ఆవిడ బియ్యీడీ కాలేజీ మెట్లెక్కడం కళ్ళ ముందు కనిపిస్తోంది. చిన్నప్పటినుంచీ అక్క చెప్పినమాట వినే అలవాటు. ఏడ్చాను. మామూలుగా కాదు, వెక్కి వెక్కి. అప్పుడే చిత్రం జరిగింది. ఆరు దాకా లెక్కపెట్టేసరికి గొంతు పూడుకుపోయి, "ఆరున్నొకటి" అనడానికి చోటు లేక ఒక వెక్కు వచ్చింది. వెక్కు పొట్టిది. ఖచ్చితంగా ఒక్క దెబ్బంత. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, వెక్కు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, వెక్కు. తాళం గాట్లో కట్టేసిన గేదెలా నిలబడింది! అక్క ఒక్క క్షణం బిత్తరపోయి, అంతలోనే అందుకుని చరణం ఎత్తుకుంది. పెద్దాయన చెయ్యి మళ్ళీ తొడ మీదికి దిగింది. తాళం ఎక్కడ తప్పుతుందోనని నేను ఏడుపు ఆపలేదు. కన్నీళ్ళు ఇంకిపోతుంటే కష్టపడి, బస్సులో మిగిల్చిన సగం టికెట్టు ఎవరో తిరిగి అడుగుతున్నట్టు ఊహించుకుని మరీ ఏడ్చాను.

పాట ముగిశాక పెద్దాయన లేచి మైకు పట్టుకున్నాడు. "అమ్మాయి పాట సంగతి సరే. ఆ కుర్రాణ్ణి చూశారా? బాలకృష్ణుణ్ణి తలుచుకుని కన్నీరు కార్చాడు. మధ్యలో కాస్త తడబడ్డాడంటే అది భక్తి తన్నుకు రావడం వల్ల" అన్నాడు. సభ మొత్తం చప్పట్లు. నేను నమస్కారం పెట్టాను. (వచ్చిన సరుకు కాదనడం మాకు అలవాటు లేదు.) గంట కచేరీ అక్కకే ఇచ్చారు. దిగివస్తుంటే ఆయన అక్కని పక్కకి పిలిచి గొంతు తగ్గించి, "అమ్మా, వచ్చే ఏడు మాత్రం ఇంత భక్తి లేని మృదంగాన్ని తెచ్చుకో" అన్నాడు. నాకు వినపడింది. వినపడనట్టు నటించాను, అదీ మా వ్యాపారంలో భాగమే.

అక్క విజయవాడ వెళ్ళింది, ఇప్పుడు తనే పదిమందికి పాఠం చెబుతోంది. నా మృదంగం కొన్నాళ్ళు గోడౌన్లో ఉలవల బస్తాకి దన్నుగా ఉండి, చివరికి మాస్టారి మనవడి చేతికి చేరింది. మొన్న మా అమ్మాయి కీబోర్డు పుస్తకం పట్టుకొచ్చి, "నాన్నా, ఇక్కడ తాళం గుర్తుకి పైన ఏడు, కింద ఎనిమిది వేశారు. కొట్టడం భలే కష్టంగా ఉంది" అంది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నిజమే. పైన ఏడు. దాని కిందే, స్పష్టంగా, ఎనిమిది. గల్లా వదిలేసి వెంటనే అక్కకి ఫోను చేశాను.

"అక్కా, నా పాతికేళ్ళ వ్యాజ్యం గెలిచాను. ఏడు అడిగితే ఎనిమిది ఇవ్వమని ఇంగ్లీషువాళ్ళు పుస్తకంలోనే అచ్చు వేసుకున్నారు!"

అక్క నవ్వు ఆపుకుంటున్న గొంతుతో, ఆ రోజు వేదిక మీద అన్నట్టే పళ్ళ సందునుంచి అంది:

"ఏడిశావులే!"

ఫోను పెట్టేసి మళ్ళీ కాటా ముందు కూర్చున్నాను. ఎర్రంకెల్లో ఏడు కిలోలని చూపించి, అది నోరు మూసుకుని ఊరుకుంది. ఎదురుగా ఉన్న బేరగాడు చూస్తున్నాడని కూడా లేకుండా నేనే దానికి బదులు పైకి అన్నాను, "ఆరున్నొకటి" అని. తర్వాత గుప్పెడు కొసరు వేశాను. ఇప్పుడు నా గుప్పెడు చాలా పెద్దది.