ఫోను నుదుట బొట్టు

మార్కాపురం బజారులో తండ్రి బట్టల దుకాణంలో కూర్చునే శేషాద్రికి ఫోన్ల విషయంలో సందేహమంటూ ఉండదు. గల్లాపెట్టె మీద మోచేతులాన్చి, "అంకెలు నొక్కే కాలం పోయినాది అన్నా, ముఖం చూపిస్తే చాలు" అని వచ్చినవారికల్లా బోధిస్తాడు. ఆయుధపూజ నాడు తల్లి అన్నపూర్ణ అతని ఫోనును పీఠంపై ఉంచి, సరిగ్గా ముందు కెమెరా మీద గంధం, కుంకుమ దిద్దింది. ఫోనులో పొదిలి కుర్రాళ్ల జట్టుతో కలిసి ఆడే పోటీ ఆటకు వేళైంది. ఫోను అతని ముఖాన్ని గుర్తించలేదు. తాళం తీసే అంకెలు అతనికి గుర్తులేవు.

"బొట్టు తుడుస్తానమ్మా."

"హారతి కాకుండా తుడిచేదేంది నాయనా? ఆట యాడికి పోతాది?"

"పొదిలోళ్లు నన్ను తీసేసి ఆడుకుంటారమ్మా."

"అయితే నువ్వే హారతి ఇయ్యి."

త్వరగా ముగిస్తే అపచారమేమో, నిదానిస్తే ఆట దక్కదేమో తేల్చుకోలేక, శేషాద్రి ఆ చీకటి తెర ముందు పళ్లెం తిప్పుతూనే ఉన్నాడు.