పక్కన నడిచేకి చోటున్న హోటల్

మా ఊళ్ళల్లో హోటల్ అంటే తినేది. పడుకునేది లాడ్జి. ఉద్యోగం చేసి చేసి ఈ తేడా మరిచిపోయిన నేను ఒక ఆదివారం ధర్మవరంలో మా ఇంట్లో నోరు జారాను. అక్కను పెళ్ళిచూపులు చూడడానికి వచ్చేవాళ్ళను బెంగళూరులో ఒక మంచి హోటల్లో కలుద్దాం, రాత్రికి అక్కడే పడుకుందాం అన్నాను. మా అమ్మ బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టేసి, హోటల్లో ఎక్కడ పడుకుంటారు, బెంచీల మీదనా అని అడిగింది. పైన గదులుంటాయని చెప్పాను.

"అంటే లాడ్జి అని చెప్పవే. ఆడపిల్లను చూపిచ్చేకి లాడ్జికి పిల్చుకపోతావా? బాగా చదువుకున్నావులే."

నాది హిందూపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం. నెలలో సగం రోజులు చెన్నై, పూణే అని తిరుగుతూ ఉంటాను. కంపెనీ పెద్ద హోటళ్ళలో గదులు ఇప్పిస్తుంది. డబ్బు కంపెనీది, దిగిన ప్రతిసారీ హోటలువాళ్ళు ఇచ్చే పాయింట్లు నావి, అవి చేరితే ఊరికే ఒక గది ఇస్తారు. ఆ పాయింట్లను నేను కోడి గుడ్లను పొదిగినట్టు పొదిగాను. ఎప్పుడూ వాడింది లేదు. ఇంకాస్త చేరనీ, ఇంకాస్త మంచిదానికి వాడదాం అనుకుంటూ వచ్చాను. చివరికి, ఈ యేడాదిలోగా వాడకపోతే మొత్తం పోతాయని ఫోనుకు మెసేజ్ వచ్చింది. చూస్తే బెంగళూరులో ఒక గది, ఒక రాత్రికి సరిపోతాయి. ఆ పాయింట్లకు దొరికే హోటళ్ళు రెండు.

సరిగ్గా అదే వారంలో పెనుకొండ నుంచి సంబంధం వచ్చింది.

మా అక్క సంగతి చెప్పాలి. మా ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి నాయనది, ఒకటి అక్కది. అక్కకు పెళ్ళయిన రెండేళ్ళకే ఆ కాపురం చెడింది. తిరిగొచ్చి మళ్ళీ పట్టుచీరలు నేస్తూ ఉండిపోయింది. కొన్నేళ్ళ క్రితం ఇంకో సంబంధం వచ్చింది. వాళ్ళ కారు వీధిలో తిరగలేక అడ్డంగా ఆగింది కాబట్టి అందరూ చూశారు. లోపలికొచ్చి ఉగ్గాని, బజ్జీలు తిని, అక్కను కిందికీ పైకీ చూసి, ఇంటికి పోయి చెబుతామన్నారు. చెప్పలేదు. వాళ్ళు చెప్పకపోయినా మా అక్క తట్టుకునేది, వీధి ఊరుకోలేదు. నీళ్ళ దగ్గర అడిగారు, రేషన్ అంగడి దగ్గర అడిగారు, ఏమన్నా చెప్పినారా ఏమన్నా చెప్పినారా అని నెలల తరబడి అడిగారు. అప్పుడు అక్క ఒకటే మాట అంది. ఇంకోసారి ఈ ఇంట్లో నన్ను ఎవరికీ చూపించొద్దు అని.

ఇప్పుడొచ్చిన ఆయన పెనుకొండలో హైస్కూలు అయ్యవారు, లెక్కలు చెబుతాడు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఫోటో చూపిస్తే అక్క వద్దనలేదు. మా ఇంట్లో అంత మంచి మాట వినపడక ఎన్నేళ్ళయిందో. ఇది కూడా వీధి నోట్లో పడి చెడిపోతే మా అక్క మళ్ళీ ఎవరి ఫోటో చేత్తో పట్టుకోదని నాకు తెలుసు. అందుకే బెంగళూరు అన్నాను, అందుకే నా పాయింట్లు బయటికి తీశాను. సంబంధం కుదరకపోయినా ఒక రాత్రి మెత్తటి పరుపైనా దక్కుతుందని మనసులో ఇంకో లెక్క కూడా వేసుకున్నాను.

రెండు హోటళ్ళలో ఒకటి అద్దాల మేడ. ఊరి నడిబొడ్డున ఉంటుంది, కింద పెద్ద బజారు, పైన ఈతకొలను. గదిలోంచి చూస్తే బెంగళూరంతా కాళ్ళ కింద ఉన్నట్టుంటుంది. ఇంకొకటి పాతది. రెండే అంతస్తులు, చుట్టూ చెట్లు. పేరు గొప్పదే కానీ స్నానాల గదులు పాతబడ్డాయని అక్కడ దిగినవాళ్ళు రాశారు. పాయింట్లేమో రెండింటికీ ఒకటే. ఇందులో ఆలోచించేదేముందని నేను అద్దాల మేడ వైపే ఉన్నాను. మామూలుగా డబ్బు పెట్టి దిగితే దానికే ఎక్కువ అవుతుంది కదా, అంటే నా పాయింట్లకు ఎక్కువ విలువ వచ్చినట్టు. పైగా పొద్దున ఫలహారం వంద రకాలు. ఆ ఆదివారం అన్నం తిన్నాక ఫోను మధ్యలో పెట్టి అందరికీ ఫోటోలు చూపించాను. దిగినవాళ్ళు రాసినవన్నీ గట్టిగా చదివాను. అమ్మ విసుక్కుని, తినబోతూ రుచులెందుకే అంది. లిఫ్టు మధ్యలో ఆగిపోతే ఏం చేయాలని మాత్రం రెండుసార్లు అడిగింది. నాయన ఫోను చేతిలోకి తీసుకుని, అద్దాలన్నీ ఎవరు తుడుస్తారు అని అడిగి మళ్ళీ ఇచ్చేశాడు.

అక్క మాత్రం ఒక ఫోటో దగ్గర ఆగింది. అద్దాల మేడ కింది హాలు అది. పెద్ద పెద్ద సోఫాలు రెండు ఎదురెదురుగా ఉన్నాయి, మధ్యలో బల్ల, బల్ల మీద తెల్లటి పూలు. నాకైతే ముచ్చటగా ఉంది.

"ఈడ కూర్చోబెడ్తారా నన్ను?" అంది అక్క.

అవును, ఎంత బాగుందో చూడు అన్నాను.

"ఎదురుబొదురు కూర్చుంటే మళ్ళా చూపులే పాపా. వాళ్ళు చూస్తాండాల, నేను తల వంచుకోని ఉండాల. పక్కపక్కన నడిచేకి యాడన్నా చోటుంటే ఆ హోటల్ తీసుకో. నడిచేటప్పుడు ఎవురూ ఎవుర్నీ చూడరు. మాట్లాడుకుంటారు."

అమ్మ నెత్తి కొట్టుకుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి అంది. పిల్లను చూసే రోజు పిల్లతో కలిసి నడుస్తారా ఎవరైనా అంది. నాకూ లోపల కొంచెం మంటగానే ఉంది. ఇన్నేళ్ళు పోగేసిన పాయింట్లు, పాత స్నానాల గదికి పోతాయా అనిపించింది. కానీ అడిగింది మా అక్క. ఆమె ఏదైనా కావాలని అడిగి ఎంతకాలమైందో లెక్కపెట్టుకుంటే నాకే సిగ్గేసింది. పాత హోటలుకు చెట్ల మధ్య నడిచే దారి ఉందని ఫోటోల్లో వెతికి పట్టుకుని, ఆ గదినే తీసుకున్నాను.

నాయన ఇంటి దగ్గర ఉంటాడు. అమ్మ, అక్క ధర్మవరంలో రైలెక్కాలి, నేను హిందూపురంలో ఎక్కాలి. అయ్యవారు, ఆయన అక్క సాయంత్రం హోటలుకు రావాలి. ఇంత జాగ్రత్తగా అన్నీ అనుకున్నవాళ్ళం ఒక్క సంగతి ఎవరమూ ఆలోచించలేదు. ధర్మవరానికీ హిందూపురానికీ మధ్యలోనే పెనుకొండ ఉంది. బెంగళూరుకు పొద్దున పోవాలంటే ఎవరైనా ఎక్కేది ఆ రైలే.

నేను హిందూపురంలో ఎక్కేసరికి మా అమ్మ కొంగు నిండుగా కప్పుకుని కిటికీలోకి దూరిపోయినట్టు కూర్చుని ఉంది. కళ్ళతోనే నాకు ఏదో చెబుతోంది. చూద్దును కదా, రెండు వరుసల అవతల ఫోటోలో ఉన్న మనిషి. పక్కన ఆయన అక్క. ఆమెది గుడిబండ దగ్గర అత్తగారిల్లు, తమ్ముడి కోసమే వచ్చింది. వాళ్ళు కూడా మమ్మల్ని గుర్తుపట్టారు, అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. శనివారం పొద్దున రాహుకాలం, మొహాలు చూసుకోకూడదని అమ్మ నా చెవిలో చెప్పింది. రాహుకాలం గౌరిబిదనూరు స్టేషన్ రాకముందే అయిపోయింది. అప్పటికి ఇంక పలకరించాలంటే అందరికీ సిగ్గుగా ఉండింది. అలా రెండు కుటుంబాలూ ఒకరికొకరు తెలియనట్టు బెంగళూరు దాకా పోయాం. జామకాయలు అమ్మే ఆమె వాళ్ళ దగ్గరా మా దగ్గరా ఆగి, అందరూ ఒకటే ఊరోళ్ళా అని అడిగింది. మా అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు కదిలేంతగా నవ్వింది. నేను దొంగచాటుగా అవతలికి చూస్తే అయ్యవారి భుజాలూ కదులుతున్నాయి.

హోటల్లో గది నిజంగానే పాతది. ఇంకా మంచి గది ఏదైనా ఉందా అని మెంబర్ కార్డు చూపించి అడిగాను. నవ్వుతూనే లేదన్నారు. అమ్మ మాత్రం దుప్పటి అంచు పట్టుకుని నేత చూసి, తలుపు గొళ్ళెం రెండుసార్లు వేసి తీసి, లాడ్జిలా లేదులే అని ఒప్పుకుంది. స్నానాల గదిలోకి పోయి చాలాసేపు రాలేదు. వేడినీళ్ళు ఎంతసేపు పట్టినా అయిపోలేదని సంబరంగా చెప్పింది.

సాయంత్రం వాళ్ళొచ్చారు. చెట్ల కింద కాఫీ తెప్పించాం. పొద్దున రైల్లో చూడనట్టే మళ్ళీ కొత్తగా నమస్కారాలు పెట్టుకున్నాం. కాసేపు వానల గురించి మాట్లాడారు. తరువాత అక్క తానే లేచి, అట్లా నడిచొద్దామా అని ఆయన్ను అడిగింది. అమ్మ కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. ఆయన ఒక్క క్షణం వాళ్ళక్క వైపు చూసి, లేచాడు.

ఆ దారి చెట్ల మధ్య గుండ్రంగా తిరిగి మళ్ళీ మా దగ్గరికే వస్తుంది. మొదటిసారి మా ముందు నుంచి పోయినప్పుడు ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఎడం ఉండింది, మాటలు లేవు. తరువాత ఆయన ఏదో చెబుతూ ఉన్నాడు, అక్క నేల చూస్తూ వింటోంది. ఇంకోసారి వచ్చేటప్పటికి అక్క చెబుతోంది. రెండు చేతులతో గాల్లో ఏదో కొలత చూపిస్తోంది, ఆయన ఆగి నిలబడి చూస్తున్నాడు. కాఫీ చల్లారిపోయింది, మళ్ళీ చెప్పాం. వాళ్ళు చెప్పులు అరిగేంత తిరిగారు. పోయేటప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు, ఏదో గట్టిగా ఆలోచిస్తున్నట్టు ఉన్నాడు. ఇంటికి పోయి చెబుతామని ఆయన అక్క అంది. అప్పటి కారువాళ్ళు అన్నదీ ఇదే మాట.

గదిలోకి రాగానే అక్కను పట్టుకుని అడిగాను, ఏం మాట్లాడుకున్నారు, అన్ని చుట్లు తిరిగి.

మగ్గం గురించి, అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పెళ్ళయితే నా మగ్గం నాతో పాటే వస్తుందని చెప్పానంది. గుంత మగ్గం కాబట్టి ఇంట్లో నేల తవ్వాల్సి ఉంటుందని చెప్పిందట. గుంతలోకి కాళ్ళు దించుకుని, నేల మట్టాన కూర్చుని నేసే మగ్గం అది. గుంత లేకుండా అది నిలబడదు. ఆయన ఏమన్నాడంటే, పోయినేడే ఇల్లంతా టైల్స్ వేయించినా అన్నాడట. అంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. మొదటి రోజే ఒకరి ఇల్లు తవ్వమని అడుగుతారా అన్నాను. ఇప్పుడు గుంత అక్కర్లేని మగ్గాలు కూడా ఉన్నాయి కదా అన్నాను. కొన్నాళ్ళు నేత మానేస్తే ఏం పోయిందని కూడా అన్నాను. నా పాయింట్లు, నా రైలు టికెట్లు, అన్నీ గుర్తొచ్చాయి. అక్క కోప్పడలేదు. మంచం మీద నా పక్కన కూర్చుంది.

"పోయినసారి మగ్గం ఇడిసిపెట్టి, ఒట్టి చేతుల్తో పోయినా పాపా. ఆ ఇంట్లో నాకు కాలు పెట్టుకునేకి చోటు లేకపోయ. మళ్ళా అట్ల పోలేను. టైల్సే ముఖ్యమైతే ఇప్పుడే తెలిసిపోనీ."

ఆ మెత్తటి పరుపు మీద మా అక్క హాయిగా నిద్రపోయింది. నేనే పోలేదు. పొద్దున ఫలహారంలో అన్నీ ఉన్నా ఉగ్గాని లేదని అమ్మ చెబుతుంటే కూడా నాకు నవ్వు రాలేదు.

ధర్మవరం చేరేసరికి వీధంతా మా కోసం ఎదురుచూస్తోంది. మేం ఎక్కడికి పోయామని అడిగితే, అబద్ధం చెప్పడం చేతకాని మా నాయన, బెంగళూరులో హోటలుకు పోయినారు అని ఉన్నదే చెప్పాడు. పెళ్ళిచూపులన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. దోసెలు తినడానికి అంత దూరం పోయామనుకున్నారు. ఎదురింటామె, దోసె ఎట్లుండాది అని అడిగింది. బాగా కాలింది, అంది మా అమ్మ ముక్తసరిగా.

వారమంతా పెనుకొండ నుంచి ఏమీ రాలేదు. నేను రోజూ హిందూపురం నుంచి అమ్మకు ఫోన్ చేసి, ఏమన్నా చెప్పినారా అని అడిగాను. వీధివాళ్ళ మాటే నా నోట్లోంచి వస్తోందని తెలిసినా ఆపుకోలేకపోయాను. మళ్ళీ ఆదివారం ధర్మవరం పోయాను. అక్క, నాయన మగ్గాల మీద ఉన్నారు. మధ్యాహ్నం అమ్మ ఫోన్ మోగింది. అయ్యవారి అక్క, పెనుకొండలో తమ్ముడి ఇంటి నుంచి. నేను స్పీకర్ పెట్టాను.

"ఏమమ్మా, మీ పాప మా తమ్మునికి ఏమి చెప్పి పంపిచ్చిందో ఏమో. పొద్దన్నుంచి గడ్డపార తీసుకోని ముందర గదిలో టైల్స్ పగలగొడ్తాండాడు. అంత దుడ్లు పెట్టి ఏయిచ్చినాడు. ఏమప్పా అంటే, గుంత అంటాడు. ఎంత లోతు తవ్వాల్నో సరిగ్గా అడిగి చెప్పు అంటాండాడు."

అమ్మ ఫోన్ అక్క వైపు చాచింది. అక్క మగ్గం గుంతలోంచి కాళ్ళు పైకి తీసుకుని, మెల్లగా లేచి వచ్చింది. కొంగుకు చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"అక్కా, ఒక నిమిషం ఆగమను. లోతు తరువాత చెప్తా. కిటికీ యాపక్క ఉండాదో ముందు అడుగు. వెలుతురు నా చేతుల మీద పడాల."

నాయన మగ్గం చప్పుడు ఆగిపోయింది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. అవతల ఫోనులో గడ్డపార పక్కన పెట్టిన చప్పుడు, ఆ వెంటనే ఒక మగమనిషి గొంతు. "తూర్పు పక్క ఉండాది" అని చెబుతోంది.