మంచం నంబరు పదకొండు

నా చిన్నప్పుడు మా వాడకట్టు మొత్తంల ఇంగ్లీషు కూడబలుక్కొని సదివేది నేనొక్కదాన్నే. ఆరో తరగతి. మందు సీసా మీది రాతైనా, ఎవరింటికొచ్చిన కాగితమైనా నన్నే పిలిచేటోళ్లు. నాకు గీర గూడ గట్లనే ఉండేది.

బాపు మేళ్లచెరువు దిక్కు రాళ్లు కొట్టే పనికి పోయిండు. మోత్కూరు పక్కన మా ఊరి నుంచి శానమంది పోయేటోళ్లు. అక్కడెవరన్న సచ్చిపోతే తోటోళ్లు తంతి, అదే టెలిగ్రాం, కొట్టిచ్చేటోళ్లు. పోయిండని రాస్తే ఇంటోళ్ల గుండె ఆగుతదని 'సీరియస్' అని రాయిచ్చేటోళ్లు. అందరికీ తెలిసిన అబద్ధమది. అంతకు ముందేడు పక్కింటి అక్కకు మొగడు సీరియసని గట్లనే వచ్చింది. తెల్లారి లారీల శవం దిగింది. అప్పటి సంది మా వాడల ఆ మాటకు అర్థం ఒక్కటే.

ఒక ఎండాకాలం పొద్దున మాకూ తంతి వచ్చింది. తెచ్చినాయన నా చేతుల పెట్టి పోయిండు. బాపు పేరు, దాని పక్కన ఆ మాట. ఇగ కింద ఏమున్నదో నా కండ్లకు ఆనలే.

"సదువుకున్నదానివి, నువ్వు చెప్పు బిడ్డా. ఉన్నడా, పోయిండా?" అని అడిగింది అమ్మ.

సిక్ అంటే ఏంది, సీరియస్ అంటే ఏంది, డెడ్ అంటే ఏంది, బడిల సారు వేరువేరుగ రాయిచ్చిండు. నాకు పదికి పది మార్కులొచ్చినయి. గని చుట్టూ ఆడోళ్లు అప్పటికే కొంగులు నోట్లె కుక్కుకుంటున్నరు. నేను పోయిండన్నట్టు తల ఊపిన. ఇప్పటికీ ఆ తల ఊపుడు యాదికొస్తే నా మీద నాకే అసహ్యమైతది.

అమ్మ ఎడమ చెయ్యి గడపకేసి కొట్టుకున్నది. గాజులన్ని పగిలి నెత్తురొచ్చింది. కుడి చెయ్యి ఎత్తంగనే మా అవ్వ, బాపును కన్నతల్లి, గట్టిగ పట్టుకున్నది. బయట మొగోళ్లు కట్టెలెక్కడ కొట్టాలె, లారీ ఎప్పుడొస్తది అని మాట్లాడుకుంటున్నరు. శవమొచ్చేదాక ఇంట్ల నుంచి ఎవరూ కదలొద్దన్నరు. నేను మూలకు కూసొని ఆ కాగితాన్ని ఉండ చుట్టిన.

మధ్యాహ్నం టపా సాయిబు వచ్చిండు. ఉత్తరాలు పంచి పంచి ఎంటికలు తెల్లబడ్డ మనిషి. ఏడుపులు ఇని సైకిల్ ఆపి, సీదా నా దగ్గరికొచ్చి కాగితం సాపు చేసి సదువుమన్నడు. నేను ఇంకింత ఏడ్సిన. "ఏడుసుడు తర్వాత. కడదాక సదువు" అని గద్దిచ్చిండు. కూడబలుక్కొని సదివిన. నల్లగొండ పెద్ద దవాఖాన, నాలుగో వార్డు, మంచం నంబరు పదకొండు, జల్ది రావాలె.

సాయిబు మొగోళ్ల దిక్కు తిరిగిండు. "పోయినోనికి సీరియస్ అని రాస్తరు, నాకెరుకే. గసొంటివి ఎన్ని సదివిపెట్టిననో. గని పోయినోనికి మంచం నంబరు రాసినోన్ని నేనింతదాక చూడలే. శవానికి మంచమెందుకయ్యా?"

ఒక పెద్దమనిషి, ఒకవేళ శవమొస్తే ఇంట్ల పెండ్లాం లేకుంటెట్ల అని నసిగిండు. సాయిబుకు కోపమొచ్చింది. "వస్తే నేను దించుకుంట. ఈ గడపల్నే కూసుంట. లే చెల్లె, బస్సుకు టైమైతాంది" అన్నడు. అన్నట్టే ఆయన టపా సంచి ఒళ్లె పెట్టుకొని మా గడపల కూసున్నడు.

బస్సుల అమ్మకు ఒక చేతికి గాజులు, ఇంకో చేతికి గుడ్డ పీలిక. బాపు ఉండాలె, ఉండాలె అని నేను లోపల్లోపలే మొత్తుకుంటున్న. నేను తల ఊపినందుకే నిజంగ పోతడేమోనని భయమైంది.

పదకొండో మంచం మీద బాపు ఉన్నడు. బండ పడి కాలు నుజ్జయింది, మొఖం సున్నం లెక్క తెల్లగైంది. రక్తమెక్కియ్యాలె, సొంతోళ్ల కోసమే చూస్తున్నం, రేపటిదాక ఆగేటట్టు లేడు అన్నది డాక్టరమ్మ. అమ్మ రక్తం చూసిండ్రు, కలిసింది. అమ్మ గాజుల్లేని చెయ్యే చాపింది. బాపు సగం కండ్లు తెరిచి, "గాజులేవే?" అన్నడు. అమ్మ నా దిక్కొకసారి చూసి, పగిలినయి అన్నది. అంతే. నేను తల ఊపిన సంగతి అమ్మ ఆయనకు ఎన్నడూ చెప్పలే.

బాపు కుంటుకుంటనే ఇంకా పన్నెండేండ్లు బతికిండు. ఆయన పోయిన్నాడు దూరంల ఉన్న నా తమ్మునికి తంతి కొట్టిద్దామని నేనే తపాలాఫీసుకు పోయిన. బాపు పోయిండని చెప్పంగనే కౌంటరు కాడి గుమస్తా నన్ను అడగకుండనే 'ఫాదర్ సీరియస్' అని రాసిండు. పాపం, మంచి మనసుతోనే రాసిండు. నేను కొట్టేపిచ్చి, పోయిండనే రాయమన్న. రాయి గుండెదాన్ని చూసినట్టు చూసిండు.

చూడనీ. ఇప్పటికీ ఏ కాగితమొచ్చినా కడదాక సదవంది నేను తల ఊప. ఇగ 'సీరియస్' అనే మాటంటరా, అది మా బాపు పదకొండో మంచం మీద ఊపిరి తీసుకుంటున్నప్పటి మాట. ఆయన పోయినంక అబద్ధానికి దాన్ని వాడెతందుకు నాకు మనసొప్పలే.