పిడుగు నవ్వు

ఇంట్లో అందరూ ఆ పదేళ్ల పిల్లను పిడుగనే పిలుస్తారు. మొన్నామధ్య జ్వరం వచ్చి తగ్గాక, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఎదురుతిరిగి ఆమె నరాలను దెబ్బతీసింది. కాళ్లు మెల్లగా దారికొచ్చాయి గానీ ముఖంలో ఇంకా కదలిక లేదు. నీళ్లు తాగేటప్పుడు పెదవిని వేళ్లతో అదిమిపట్టుకుంటుంది. రెప్పలు మూతపడవు కనుక పడుకునే ముందు కళ్లకు పట్టీలు వేసుకుంటుంది. అమ్మ సాయం రాబోతే "నాకొచ్చులే" అని చెయ్యి తోసేస్తుంది.

తరగతి ఫొటో రోజు టీచరు జాలిపడి వెనక వరుస చూపిస్తే, పిడుగు వెళ్లి ముందు వరుస మధ్యలో కూర్చుంది. ఫొటోగ్రాఫరు కెమెరా దించి, "కాస్త నవ్వు పాపా" అన్నాడు.

"నవ్వుతూనే ఉన్నానంకుల్. ముఖమే నా మాట వినట్లేదు. మీరు తీసేయండి."

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. కెమెరా క్లిక్‌మంది. ఆ ఫొటోలో అందరికంటే గట్టిగా నవ్వింది తనేనని, చూసిన ప్రతివాళ్లతోనూ పిడుగు వాదిస్తుంది.