తగ్గిస్తేనే ఫీజు

గుంటూరు జిల్లాలో గానీ ప్రకాశం జిల్లాలో గానీ నా అంత తెలివిగా ఫీజు మాట్లాడుకున్నవాడు లేడని ఒకప్పుడు గట్టిగా నమ్మాను. అడ్వాన్సు పైసా అడగలేదు. "మిల్లు విలువ ఎంత తగ్గితే, తగ్గిన ప్రతి వెయ్యికీ పది రూపాయలివ్వండి. తగ్గకపోతే ఏమీ ఇవ్వొద్దు" అన్నాను. ఎదురుగా కూర్చున్న పత్తి మిల్లు యజమాని నన్ను ఎగాదిగా చూసి, "కొట్టువాళ్ళ అబ్బాయివా?" అనడిగాడు. అది పొగడ్తే అనుకున్నాను.

కొట్టువాళ్ళ అబ్బాయినే. గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నది బట్టల కొట్టు, బాబాయిది కిరాణా, మేనమామది స్టీలు సామాన్లు. మా ఇళ్ళలో పిల్లలకి అత్తా, తాతా అనడం వచ్చేలోగానే "చివరి మాట చెప్పండి" అనడం వచ్చేస్తుంది. నేను సివిల్ డిప్లొమా చదివి, ఎనభైల మధ్యలో, గల్లాపెట్టె దగ్గర కూర్చోమన్నా కూర్చోకుండా ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి దగ్గర చేరాను. ఆయన స్థలాలకీ మిల్లులకీ విలువ కట్టేవారు. వేరేవాళ్ళు కట్టిన విలువ సరిగ్గా కట్టారో లేదో కూడా చూసేవారు. ఈ రెండోదాన్ని రివ్యూ అంటారు. నాకు పిచ్చిగా నచ్చింది అదే. ఇంకొకడు చెప్పిన ధరకి వంక పెడితే డబ్బులిస్తారని తెలిశాక, మా వంశం ఇన్నాళ్ళూ ఆ పని ఊరికే చేసినందుకు జాలేసింది.

సార్ నాకొక షరతు పెట్టారు. "మొదటి కేసు నువ్వే చూడు. ఫీజు నువ్వే మాట్లాడుకో, నువ్వే తీసుకో. రిపోర్టు మీద నేను సంతకం పెట్టగలిగితే ఇక్కడుంటావు. లేదంటే మీ నాన్నగారి కొట్లో మీటరు కర్ర ఖాళీగానే ఉందిగా."

ఆ మొదటి కేసే ఈ మిల్లు. పర్చూరు దగ్గర ఇద్దరు పార్ట్‌నర్లు పత్తి గింజ తీసే మిల్లు నడిపేవారు. ఒకాయన తప్పుకుంటున్నాడు. ఉండిపోయేవాడు అతనికి సగం విలువ కట్టివ్వాలి. ఒంగోలు నుంచి ఒక పెద్దాయన వచ్చి విలువ కట్టి వెళ్ళాడు. అది ఎక్కువైందని, ఇవ్వాల్సినవాడు మా దగ్గరికొచ్చాడు.

ఆ పెద్దాయన రిపోర్టు చేతికందిన రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు. స్థలానికి ఎకరం నలభై వేలని రాశాడు. ఆధారంగా పక్క స్థలం అమ్మకాన్ని చూపించాడు. దస్తావేజులో ఎకరం ఇరవై వేలే ఉంది. పెద్దాయన దాన్ని రెండింతలు చేశాడు. ఎందుకో మా వైపు ఎవరినడిగినా చెబుతారు. స్టాంపు ఖర్చు తగ్గించుకోవడానికి జనం అసలు ధరలో సగమే రాయిస్తారు. విలువ కట్టేవాళ్ళు ఆ సగాన్ని మళ్ళీ మొత్తం చేసుకుంటారు. అందరికీ అలవాటైన లెక్క. కానీ ఈ అమ్మకంలో అమ్మింది ఎవరా అని చూస్తే, చర్చి కమిటీ.

తెల్లారగానే పర్చూరు బస్సెక్కాను. కమిటీ కార్యదర్శి చర్చి బడిలో హెడ్మాస్టరు. ప్రశ్నని చుట్టూ తిప్పి, మెత్తగా అడిగాను, "అసలెంతకి అమ్మారండీ?"

"కాయితంలో ఉన్నంతకే."

"అది కాయితం మాటండీ. చేతికొచ్చింది?"

ఆయన నవ్వాడు. "బాబూ, అది దేవుడి స్థలం. ఎంతొచ్చిందో ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబడి నేనే చదివాను. సగం కాయితంలో, సగం జేబులో అంటే ఏ సగం చదవను?"

నాకు గాల్లో తేలినట్టయింది. ఇరవై వేలు నిజంగా ఇరవై వేలే. మిల్లుకి రెండెకరాలుంది. అంటే నలభై వేలు ఎగిరిపోయాయి, నాకు నాలుగొందలు. నా జీతం మూడొందల యాభై. హెడ్మాస్టరు గారికి భోజనం నేనే పెట్టిస్తానని హోటలుకి లాక్కెళ్ళాను. ఆయన వద్దంటున్నా ఇంకో గారె వేయించాను.

అదే ఊపులో మిల్లుకి వెళ్ళాను. జనవరి నెల. వాకిట్లో పత్తి బళ్ళు. లోపల గింజ తీసే యంత్రాలు, జిన్నులన్నీ ఒకేసారి తిరుగుతుంటే పక్కవాడి మాట వినపడదు. కాసేపట్లో నా జుట్టు, మీసం తెల్లబడ్డాయి. అక్కడ నా ఉత్సాహానికి చిన్న మేకు దిగింది. పెద్దాయన రిపోర్టులో జిన్నులు వాడకంలో లేవు, పాత ఇనుము ధరే వస్తుందని ఉంది. ఆయన చూసింది ఆగస్టులో. ఆగస్టులో పత్తి ఎక్కడుంది, జిన్నులు తిరగడానికి? ప్రతి ఏడూ ఆ నెలల్లో అవి పడుకునే ఉంటాయి. అంటే వాటి విలువ బాగా తక్కువ కట్టాడు. అది గనక రాస్తే తగ్గింది మళ్ళీ పెరుగుతుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, జిన్నుల సంగతి నన్నెవరూ అడగలేదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. నచ్చజెప్పడం మా ఇంటి విద్య. చిలకలూరిపేట వచ్చేసరికి ఒప్పుకున్నాను.

సార్ నా రెండు పేజీలూ చదివి కళ్ళజోడు తీశారు. "చర్చి అమ్మకం పట్టుకున్నావు. చాలా బాగుందయ్యా, నాకు తట్టేది కాదు. మరి జిన్నులు ఎలా ఉన్నాయి?"

"తిరుగుతున్నాయండి."

"రాయలేదే?"

నేను బల్ల మీది కాయితాల అంచులు సరిచేయడం మొదలుపెట్టాను.

"ఫీజెంత?"

చెప్పాను. అంతకుముందు గర్వంగా చెప్పాలనుకున్న మాట, నోట్లోంచి నత్తలా వచ్చింది.

"అయితే నీ రిపోర్టు చదవక్కర్లేదు. ఫీజు వింటే చాలు, లోపలేముందో తెలిసిపోతుంది. నువ్వు వెళ్ళింది ధర తగ్గించడానికా?"

"పెంచడానికైతే కాదండి."

ఆయనకి నవ్వాగలేదు. "రెండూ కాదయ్యా. నీ ధర ఎవడికి కావాలి? ఆ పెద్దాయన ఈ అంకె దగ్గరికి ఎలా వెళ్ళాడో చూడు. ప్రతి వాక్యాన్నీ అడుగు, ఇది కళ్ళారా చూశాడా, ఎవరైనా చెప్పారా, తనే అనుకున్నాడా. ఎటువైపు తప్పున్నా రాయి. ముందు ఆ ఫీజు మార్చుకునిరా. అప్పటిదాకా సంతకం లేదు."

ఆ మధ్యాహ్నం పెద్దాయన రిపోర్టుని మళ్ళీ మొదటి వాక్యం నుంచి అలా అడుగుతూ కూర్చున్నాను. బేరమాడటంలో కూడా నాకంత హుషారు ఎప్పుడూ రాలేదు. ఒక్కో వాక్యం నా ముందుకొచ్చి సరుకు విప్పి చూపిస్తున్నట్టుంది. గోడలకి కొలతలున్నాయి, అది చూసిందే. బావిలో నీళ్ళెప్పుడూ ఎండవన్నది ఎవరో చెప్పింది. జిన్నులు వాడకంలో లేవన్నది అనుకున్నది. నాలుగొందలు పోతున్నాయన్న సంగతి టీ తాగేటప్పుడు తప్ప గుర్తు రాలేదు. టీ మాత్రం రెండుసార్లు తాగాను.

మళ్ళీ పర్చూరు. మిల్లు యజమాని కుర్చీ కూడా చూపించలేదు.

"తగ్గిందా?"

"నేను తగ్గించనూ లేదు, పెంచనూ లేదండి. రెండు తప్పులు రాశాను. ఒకటి మీకు పనికొచ్చేది, ఒకటి మీ పార్ట్‌నర్‌కి."

"నా డబ్బు తీసుకుని వాడికి పనికొచ్చేది రాస్తావా? తగ్గకపోతే ఏమీ ఇవ్వొద్దన్నది నువ్వేగా."

"నేనేనండి. ఆ బేరం రద్దు. విలువ పెరిగినా తగ్గినా నాకు ఒకటే రేటు. రెండొందలు."

"బాగుందిరా బేరం. తగ్గించడం మానేసి రేటు పెంచావు."

"మీకు నచ్చింది ఒక్కటే రాశాననుకోండి, మీ పార్ట్‌నర్ ఆ కాయితం మడిచి మీ చేతిలోనే పెడతాడు. రెండూ రాశాను కాబట్టి కూర్చుని చదువుతాడు."

ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. "వంద."

"రెండొందలండి."

"నూటయాభై. ఇక నోరెత్తొద్దు."

జేబులోంచి తీసి ఇచ్చేశాడు. సార్ మర్నాడే సంతకం పెట్టారు. "సోమవారం పెందలాడే రా, చీరాల వెళ్ళాలి" అన్నారు. ఉంటున్నావని వేరే చెప్పలేదు.

పార్ట్‌నర్లిద్దరూ ఆ కాయితం తీసుకుని ఒంగోలు వెళ్ళారట. పెద్దాయన ఏమీ అనుకోకుండా రెండు చోట్లా లెక్క మళ్ళీ వేశాడట. కొత్త అంకె పాతదానికంటే పన్నెండొందలు ఎక్కువొచ్చింది. నా మొదటి బేరమే ఉండి ఉంటే, న్యాయంగా నేనే మిల్లు యజమానికి పన్నెండు రూపాయలు ఎదురివ్వాలి.

మా నాన్న రాత్రి భోజనాల దగ్గర అడిగాడు, "ఎంత మిగిలిందిరా?"

ఫీజు నూటయాభై. రెండుసార్లు పర్చూరుకి రానూపోనూ బస్సు ముప్పై రెండు. హెడ్మాస్టరు గారితో భోజనం, ఆయన వద్దన్న గారెతో సహా, పదకొండు. టైపింగు, రిజిస్టరు పోస్టు పద్దెనిమిది. ఉద్యోగం ఖాయమైందని ఇంటికి తెచ్చిన మిఠాయి పాతిక. మిగిలింది అరవై నాలుగు. వచ్చేస్తాయనుకుని మనసులో అప్పుడే ఖర్చు పెట్టేసిన నాలుగొందలు ఇందులో కలపలేదు.