మేడ మీద మంచం ఈడ్చిన చప్పుడు

ఉక్కు ఫ్యాక్టరీ రోలింగ్ మిల్లులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసినవాడికి చెవులు పోతాయంటారు. నావి పోలేదు. ఏ బేరింగు ఎండిపోయిందో చప్పుడు విని చెప్పేవాణ్ణి. ఇంజనీర్లు కాగితాలు తిరగేసేలోపు నేను అక్కడికి వెళ్ళి వేలు పెట్టి చూపించేవాణ్ణి. అయిదో తరగతి దాటనివాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. అలాంటి చెవులున్న నాకు నా నెత్తిమీది చప్పుడేమిటో రెండేళ్ళపాటు అంతుపట్టలేదు.

మేం స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్ళో, వైశాలి నగర్‌లో మా ఇంటి మేడ మీద ఒక గది, వంటకి కాస్త చోటు ఉన్నాయి. కెన్యా నుంచి వచ్చిన టీచరమ్మ అందులో ఉంటోంది. ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. మాలాగే క్రైస్తవురాలు. మా దగ్గరికి వచ్చేముందు ఆరిళ్ళు తిరిగిందట. గుమ్మానికి అద్దె బోర్డు వేలాడుతుండగానే ఆరిళ్ళవాళ్ళూ ఖాళీ లేదన్నారట. బ్రోకరు ఈ సంగతి నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. "సామాను ఇవాళే తెచ్చుకోమను" అన్నాను.

ఆమె దినచర్య గమనించడం నాకు చదువులాంటిదే అయింది. తెల్లవారుజామునే లేచి వాళ్ళ భాషలో బిగ్గరగా ప్రార్థన చేస్తుంది. గట్టిగా అడుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ అడుగుతుంది. ఎదురింట్లో ఉండేది కోక్ ఓవెన్స్‌లో రిటైరైన శ్రీకాకుళం మనిషి. మొదటి వారంలోనే గేటు దగ్గర నన్ను ఆపాడు.

"ఏటి మావా, మీ మేడ మీదావిడ పొద్దున్నే ఎవలితో దెబ్బలాడతంది?"

"దేవుడితో."

"ఎవలు నెగ్గుతన్నారు?"

"నువ్వెళ్ళి అడుగు బావా" అన్నాను.

ఆరున్నరకి బడి వ్యాను వస్తుంది. మధ్యాహ్నం నోటుపుస్తకాల కట్ట మోసుకుంటూ దిగుతుంది. మేలో మన పిల్లలే ఎండకి వాడిపోతుంటే ఆమె నల్లగొడుగు వేసుకుని నిటారుగా నడిచి వస్తుంది. సందులో ఆడవాళ్ళు ఆపి జుట్టు పట్టుకు చూస్తారు. అడిగి ముట్టుకోవచ్చు కదా! ఒకసారి నేనే అరిచాను. "జానే దీజియే, పోనివ్వండి అంకుల్‌జీ, మా ఊళ్ళో వాళ్ళు మీ జుట్టూ పట్టుకు చూస్తారు" అందామె. ఉన్న నాలుగు వెంట్రుకలూ తడుముకున్నాను.

సాయంత్రాలు మా ఆవిడ దగ్గర కూర్చుని కూర తరుగుతుంది. ఇద్దరికీ కలిపి ఒక పూర్తి భాష లేదు. హిందీలో సగం, మా విజయనగరం మాటలు సగం. అలా నేర్చుకున్నదే ఆమె తెలుగంతా. పిలిస్తే "ఏటి అంకుల్?" అంటుంది.

ఇక చప్పుడు. ఏదో ఒక శనివారం, సాయంత్రం నాలుగింటికి, పైన మంచం ఈడ్చిన చప్పుడు. ఆరు దాటాక మళ్ళీ ఈడ్చిన చప్పుడు. అంతే. మళ్ళీ నెలల తరబడి ఏమీ ఉండదు. దులుపుకోవడానికైతే వారం వారం ఉండాలి. ఊరికే అయితే శనివారమే ఎందుకు? ఆరోగ్యం బాగాలేదా? దేనికోసమైనా వెతుకుతోందా? మా ఆవిణ్ణి అడిగాను.

"మంచం ఆవిడది, గది ఆవిడది. మీకేటి నెప్పి?" అంది.

ఈ జనవరిలో బడివాళ్ళు ఆమెకి ఒక కాగితం ఇచ్చారు. ఏప్రిల్‌తో ఒప్పందం ముగుస్తుంది, మరో ఏడాది ఉంటుందో వెళ్ళిపోతుందో ఫిబ్రవరి ఆఖరులోగా చెప్పాలి. ఆమె ఏమీ తేల్చలేదు. మా ఆవిడ అడిగితే, "రెండేళ్ళు మెహమాన్‌గా ఉన్నాను అమ్మా, ఇంకెన్నాళ్ళు?" అందట. ఆ మాట నా చెవిన పడి ఒళ్ళు మండింది. మెహమానా? ఆమెని చుట్టమని ఎవరన్నారు? మా ఇంటి మనిషిలాగే చూశాం కదా!

ఆ రోజుల్లోనే మళ్ళీ మంచం ఈడ్చిన చప్పుడైంది. ఈసారి వదల్లేదు. నాకు తేదీలు రాసుకునే అలవాటుంది. మా తెలుగు సంఘంలో ప్రతి శనివారం సాయంత్రం ఒకరింట్లో ప్రార్థన జరుగుతుంది. ఇరవై రెండిళ్ళు, వరసగా. ఒక చుట్టు తిరిగేసరికి అయిదు నెలలు. ఆ వరస ఒక పుస్తకంలో రాసేది నేనే. చప్పుడు తేదీలు కూడా ఆ పుస్తకం వెనకే రాసుకున్నాను. ఆ రాత్రి కళ్ళజోడు పెట్టుకుని ముందు పేజీనీ వెనక పేజీనీ పక్కపక్కన పెట్టి చూశాను.

నాలుగు చప్పుళ్ళు. నాలుగూ మా ఇంట్లో ప్రార్థన అయిన మరుసటి శనివారమే.

సోమవారం ఆమె వ్యాను దిగగానే అడిగాను. "అమ్మా, మంచం ఎందుకు జరుపుతావు?"

"చప్పుడు వచ్చిందా? సారీ అంకుల్‌జీ."

"చప్పుడు సంగతి కాదు. ఎందుకని అడుగుతున్నాను."

నోటుపుస్తకాలు ఆ చేతినుంచి ఈ చేతికి మార్చుకుంది. "మా ఊళ్ళో ప్రార్థన దారి వెంట వెళ్తుంది. లిస్టు లేదు. ఒక ఇంట్లో అయితే, పై వారం పక్క ఇల్లు. ఇక్కడ మీ ఇంట్లో అయింది. తర్వాత నా ఇల్లు కదా. మంచం తీసి చాప వేస్తాను. చాయ్‌కి నీళ్ళు పెడతాను. ఆరింటికి అమ్మ కిందనుంచి పిలుస్తుంది, 'రాయే, ప్రార్థనకి ఆలస్యమైపోతంది' అని. మంచం వాపస్ పెట్టి వచ్చేస్తాను."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"మొదటిసారి అనుకున్నాను, మర్చిపోయారు. నాలుగుసార్లు ఎవరూ మర్చిపోరు అంకుల్‌జీ."

లెక్కల టీచరు. ఆమె పైకి వెళ్ళిపోయింది, నేను మళ్ళీ పుస్తకం తెరిచాను.

వరసలో నేను రాసింది ఇది: 'మా ఇల్లు, మేడతో సహా.' ప్రేమతోనే రాశాను. ఒక్క మనిషికి వేరే ఇల్లేమిటి, మాతోపాటే కదా అనుకున్నాను. ప్రార్థనకి మేడ దిగి వచ్చేది, తన కుర్చీ తనే మోసుకుని. రెండు రోజులు నాతో నేను వాదించుకున్నాను. చివరికి మా ఆవిడకి చెప్పాను, తను నా పక్షం వస్తుందని.

"మరోదాలో ఉన్నప్పుడు మీకేటన్నారు?" అంది.

పెళ్ళికాక ముందు మరోదాలో అయిదుగురితో కలిసి ఒక ఫ్యాక్టరీ క్వార్టర్‌లో ఉండేవాణ్ణి. మా గదిలోనూ ప్రార్థన పెట్టించమని ఆనాటి సంఘపెద్దని అడిగాను. "పెళ్ళికానోడికి ఇల్లేటి?" అన్నాడాయన, అందరి ముందూ.

"యాభై ఏళ్ళుగా ఆ మాట నా దగ్గర ఎన్నిసార్లు తిట్టుకున్నారు? ఇప్పుడు మీరే రాసీసారు. ఆయన నోటితో అన్నాడు, మీరు పెన్నుతో అన్నారు. అంతే తేడా."

అదే పెన్నుతో ఆ రాత కొట్టేశాను. 'మేడతో సహా' పోయింది. మా ఇంటి కింద కొత్త వరస: 'టీచరమ్మ ఇల్లు'. ఇరవై మూడో ఇల్లు. ఆ ఆదివారం చర్చి బయట చదివి వినిపిస్తే ఒకాయన గొణిగాడు, అంత చిన్న గదిలో ఇంతమంది ఎలా పడతారని. "నైట్ షిఫ్టు దిగి ఒక్క గదిలో పన్నెండుమంది పడుకోలేదూ మనం? అప్పుడు పట్టాం కదా!" అన్నాను.

దాటిపోయిన ఆమె వంతు ఫిబ్రవరి చివరి శనివారానికి వేశాను. ఆ రోజు నాలుగింటికి మంచం చప్పుడైంది. ఆరింటికి అందరం బయల్దేరాం. మేడ ఎక్కే ఇనప మెట్లు హథ్‌ఖోజ్‌లో వర్క్‌షాపువాడికి నేనే కొలతలిచ్చి చేయించాను. ఇరుకుగా, నిట్టనిలువుగా ఉంటాయి, తప్పు నాదే. మోకాళ్ళు పట్టేసినప్పటినుంచీ నేను వాటి జోలికి పోలేదు. ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఏటి మావా, మోకాళ్ళు పోయాయన్నావు?"

"పోయినవే తీసుకెళ్తున్నాను బావా."

మంచం గోడకి నిలబెట్టి ఉంది. పక్కన రెండు గడియారాలు, ఒకటి మనది, ఒకటి వాళ్ళది, రెండున్నర గంటలు వెనక. వాళ్ళమ్మ ఇప్పుడు ఏం చేస్తూంటుందో చూసుకోవడానికట. చాపల మీద మోకాలికి మోకాలు తగిలేలా పంతొమ్మిదిమంది పట్టాం. పాటా, బైబిలు వాక్యం అయ్యాక ఆమె వాళ్ళ భాషలో ప్రార్థించింది. తెల్లవారుజామున విన్న గొంతే. దగ్గరగా వింటే అది దెబ్బలాటలా లేదు.

తర్వాత టీతోపాటు మొక్కజొన్న పిండి ఉడికించిన ముద్ద, పాలకూర పెట్టింది.

"చోడి సంకటిలాగుందే" అంది ఒకావిడ.

"ఉప్పెయ్యడం మరిచిపోనావేటమ్మా?" అంది ఇంకొకావిడ.

"ఉప్పు కూరలో ఉంది ఆంటీ. కలిపి తినాలి." టీచరు గొంతుతోనే చెప్పింది. అందరూ బుద్ధిగా కలుపుకున్నారు.

మనుషులు మెట్లు దిగుతుండగా టీచరమ్మ నా పక్కన కూర్చుంది. "అంకుల్‌జీ, నా ఇంటి వంతు మళ్ళీ ఎప్పుడు?"

పుస్తకం తీసి లెక్కపెట్టాను. "ఇరవై మూడు వారాలు. ఆగస్టులో."

ఆమె ఒప్పందం ఏప్రిల్ దాకానే. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న మా ఆవిడ అక్కడే ఆగిపోయింది. టీచరమ్మ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

"తారీఖు కూడా రాయండి" అంది. "మంచం జరపాలి కదా."

రాశాను.