ఉత్తగా తిరిగి రాని డబ్బీ

విరేచనాల రోగం ఊరి నుంచి ఊరికి ఎలా పాకుతుందో వెతకడం నా పని. గట్టు మండలంలోని ఒక పల్లెలో రోగం తెచ్చిన సూక్ష్మజీవి, అమరచింతలో దొరికిన సూక్ష్మజీవి ఒకే వంశానివో కాదో జన్యువులు చూసి తేల్చాలి. అందుకే పొద్దున ఆ పల్లెకు వెళ్లాను. రోగం మొదలైంది ఎల్లమ్మవ్వ ఇంట్లోనే. అవ్వ మలం నమూనా లేకపోతే నా పరిశోధనకు మొదలే లేదు. అవ్వకు మూత డబ్బీ ఇచ్చి, మలం ఎలా తీసి పెట్టాలో చెప్పాను. సబ్బుతో చేతులు కడుక్కోవాలని ఉపన్యాసం కూడా ఇచ్చాను.

మధ్యాహ్నం వెళ్లేసరికి అవ్వ నవ్వుతూ డబ్బీ చేతిలో పెట్టింది. బరువుగానే ఉంది. సంతోషంగా ఐసు పెట్టెలో పెట్టబోతుంటే ఆపింది.

"అండ్ల ఎందుకు బిడ్డా? అది చింతకాయ తొక్కు. మోషన్లు నిన్ననే బంద్ అయినయి, పొద్దుగాల సంది ఏం లేదు. ఇంటికొచ్చిన డబ్బి ఉత్తగ ఎట్ల పంపుత?"

"అవ్వా, నాకు కావలసింది తొక్కు కాదు..." అన్నాను, ఏడవలేక నవ్వుతూ.

"నాకు తెల్వదా? అది రేపు చూద్దాం. ఇది మాత్రం జర చేతులు కడుక్కొని తిను. పొద్దుగాల నువ్వే చెప్తివి గద!"

ఇప్పుడు గద్వాల లాడ్జిలో కూర్చున్నాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. ముందు వేడి అన్నం ఉంది. డబ్బీ కొత్తది, శుభ్రమైనది. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కానీ దాని మీద నా చేతిరాతతోనే "ఎల్లమ్మ, మలం" అని ఉంది.

మీరైతే తింటారా?